ఆఖరి చెరకు

ఊళ్ళో చెరకంతా కొట్టేశాక సత్యారావు చేను ఒక్కటే మిగిలింది. చుట్టూ ఎటు చూసినా మోళ్ళు, కాల్చిన ఆకు నుసి, ఎండకు పగిలిన బోదె కాలవలు. వాటి నడుమ నాలుగైదు కలిపి జడలు చుట్టిన గడలతో, మనిషికి రెండింతల ఎత్తున ఆ చేను ఒక్కటీ నిలబడి ఉంటే, చోడవరం పోయే దారినపడ్డవాళ్ళు కూడా ఆగి చూసి, ఇదింకా ఉందా అని నవ్వుకుని పోతున్నారు.

ఆ ఏడు జై ఆంధ్ర గొడవల్లో డీజిలు సరిగ్గా దొరక్క గానుగ ఆగి ఆగి ఆడింది. గానుగ బంగార్రాజుది. ఎవరి చెరకు ముందు ఆడాలో, ఎవరిది వెనక ఆడాలో ఆయన నోటి మాట. ఆయన చేలయ్యాయి, ఆయన తమ్ముళ్ళవయ్యాయి, బావమరుదులవయ్యాయి. ఉగాది కూడా వెళ్ళిపోయింది. సత్యారావు చెరకు తల పూత పట్టి, గడ బోలుపడి, రోజురోజుకూ బరువు తగ్గుతోంది. అతను రెండుసార్లు వెళ్ళి అడిగాడు. రెండుసార్లూ బంగార్రాజు పాకం పెనం వైపు చూస్తూనే, నీ వంతు ఎక్కడికీ పోదులేరా అన్నాడు.

పందులు కొండ దిగి రావడం ఆ ఊరికి కొత్త కాదు. రోలుగుంట వైపు కొండల్లోంచి పారే గెడ్డ వెంట దిగి, చెరకు ఎదిగాక అందులోనే కాపురం పెడతాయి. కోతలు మొదలయ్యాక ఒక చేను కొట్టేస్తే పక్క చేలోకి, అదీ కొట్టేస్తే ఆ పైదానిలోకి జరుగుతూ, జరుగుతూ, చివరికి ఎవరి చెరకు ఆఖరుగా ఉంటే ఆ చేలో పోగవుతాయి. వేట కూడా ఏటేటా ఆ ఆఖరి చేలోనే. పంది తిన్నది పోగా మిగిలింది వేటకొచ్చిన జనం కాళ్ళకింద పోతుంది. ఆఖరి వంతు వచ్చినవాడికి అన్నీ అలాగే వస్తాయి.

ఒకరోజు పొద్దున్నే సత్యారావు, అతని పెళ్ళాం నూకరత్నం గట్టు మీద తిరిగి చూశారు. కొండ వైపు అంచున నాలుగు జడలు నేలకొరిగి ఉన్నాయి. గడలు మొదటి కణుపు దగ్గర కొరికి, నమిలి, పీచు ఉమ్మేసి ఉన్నాయి. నూకరత్నం ఒంగి ఆ పీచు చేతిలోకి తీసుకుని పిండింది. ఇంకా తడిగా ఉంది. దాన్ని బోదెలో పారేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

ఆ సాయంత్రం సత్యారావు, అతని జతగాడు పరదేశి గెడ్డ గట్టు మీద కూచున్నారు. పరదేశికి గెడ్డ వారన మిరప మడి ఒకటుంది, అంతే. ఇద్దరిదీ చిన్నప్పటినుంచీ సాయం పని. ఇతని చేలో అతను, అతని మడిలో ఇతను. చెరకు కోతలో పరదేశి మొదలు నరికితే సత్యారావు ఆకు దులిపి తల కొట్టేవాడు. ఒకరి కత్తి చప్పుడు బట్టి రెండోవాడు చెయ్యి కదిపేవాడు గనక మాట్లాడుకోవలసిన పనే ఉండేది కాదు.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా గడలు కదిలాయి. ముందు ఒక ముసలి ఆడపంది మూతి బయటపెట్టి, గాలి పీల్చి, చాలాసేపు అలాగే నిలబడింది. తరవాత దిగింది. దాని వెనక ఒంటి మీద చారలున్న పిల్లలు, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు. పిల్లల వెనక ఇంకో రెండు పెద్దవి. ఒకదాని చెవి చీలి వేలాడుతోంది. ఎదుగుతున్న పోతులు కొన్ని ఎడంగా, ఎవరో తిట్టి దూరంగా ఉండమన్నట్టు వస్తున్నాయి. అన్నీ నీళ్ళలోకి దిగాక ఒక పిల్ల ఒడ్డునే ఆగిపోయింది. కాలు కుంటు. చెవి చీలిన పంది నడి గెడ్డలో ఆగి వెనక్కి తిరిగింది. గుర్రుమని చిన్న చప్పుడు చేసింది. పిల్ల దిగేదాకా అది కదలలేదు. అది కదిలేదాకా మిగిలినవీ కదలలేదు.

"ఇందులో పెద్ద మొగది ఉండదు," అన్నాడు పరదేశి గొంతు తగ్గించి. "దాని దారి దానిది. ఇయ్యన్నీ అప్పచెల్లెళ్ళూ, కూతుళ్ళూను. అదుగో, ఆ ముసిల్దే పెత్తనం."

అవి తినేసిన చెరకు గుర్తొచ్చి సత్యారావు వాటిని తిట్టాలనుకున్నాడు. నోరు రాలేదు. చీకటి పడేదాకా ఇద్దరూ చూస్తూ కూచున్నారు.

మర్నాడు బంగార్రాజు కబురు పంపాడు. గానుగ పాకలో పొయ్యి ఆరిపోయి ఉంది. ఆఖరి బెల్లం దిమ్మలు గోడవార ఆరబెట్టి ఉన్నాయి, పాక నిండా మాడిన పాకం వాసన. వేట ఎల్లుండి అని చెప్పాడు ఆయన. సత్యారావు నిలబడే తన మాట అన్నాడు. ఊరి వైపునుంచి కోత మొదలెడితే పందులు వాటంతట అవే కొండ వైపు పోతాయని, వేట పెడితే చెరకు సగం తొక్కుడుకే పోతుందని. అక్కడున్న నలుగురైదుగురూ నవ్వారు. బంగార్రాజు నవ్వలేదు. ఏడాదంతా ఊరి చెరకు తిని కొవ్వినవాటిని ఊరికే సాగనంపడానికి తన దగ్గర కూలి జనం లేరన్నాడు. వేట అయ్యాకే కత్తి, కత్తి అయ్యాకే గానుగ అన్నాడు. సత్యారావు చేనే గనక దారులు అతనికే తెలుసు, నడి బోదెలో బల్లెం పట్టుకుని అతనే నిలబడాలన్నాడు. పక్కన ఎవరు కావాలని అడిగితే, సత్యారావు ఆలోచించకుండా పరదేశి పేరు చెప్పాడు.

వేట నాడు ఎండ ఎక్కకముందే ఊరు కదిలింది. కొండ వైపు గట్టు పొడుగునా వలలు కట్టారు. మిగిలిన వైపుల కర్రలతో, డబ్బాలతో మగాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. నూకరత్నం కూడా కిరసనాయిలు డబ్బా ఒకటి పట్టుకుని గట్టు మీద నిలబడింది. బల్లేలవాళ్ళు బోదెల వెంట లోపలికి పోయారు. లోపల గాలి లేదు. ఎండాకు మెడకీ మోచేతులకీ గీరుకుంటూ, చెమట పట్టినచోటల్లా మండుతోంది. పరదేశి చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి, తలపాగా విప్పి నడుముకు బిగించాడు. ఏదైనా వస్తే పక్కకు తప్పుకోవాలి గానీ వెనక్కి పరిగెత్తకూడదని చెప్పాడు. మొగది కోరతో చీరేసి దారిన పోతుందిట. ఆడది కరిచి పడుతుందిట, వదలదుట.

డబ్బాల మోత మొదలైంది. కుక్కల్ని వదిలారు. వాటి అరుపు చేనంతా తిరిగి తిరిగి, ఒకచోట ఆగి, గొంతు మారింది. సత్యారావు, పరదేశి గడలు తప్పించుకుంటూ అటు నడిచారు.

జడలు ఒరిగిపోయి నేల కనిపిస్తున్న చోట ఉన్నాయవి. పోతులు ఎటో చెదిరిపోయాయి. పెద్దవి మూడూ పిరుదులు కలిపి, మూతులు బయటికి పెట్టి నిలబడ్డాయి. పిల్లలు వాటి కాళ్ళ మధ్యన, పొట్టల కింద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వీపుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కుక్కలు చుట్టూ తిరుగుతున్నాయే గానీ దగ్గరికి పోవడం లేదు. పోయిన ఒక్కటీ గాలిలోకి లేచి చెరకులో పడి, మళ్ళీ మొరగలేదు. ఎదటివైపు గడల్లోంచి బంగార్రాజు బల్లెం విసిరాడు. అది ముసలిదాని డొక్కలో దిగింది. ముసలిది ముందు కాళ్ళ మీద కూలబడింది. కూలబడి కూడా తన చోటు వదలలేదు. మిగిలిన రెండూ దాన్ని ఆనుకుని ఇంకాస్త దగ్గరికి జరిగాయి. సత్యారావు పంది మొహం అంత దగ్గర ఎప్పుడూ చూడలేదు. దానికి భయం ఉన్నట్టుంది గానీ పోవాలని ఉన్నట్టు లేదు.

అప్పుడు చెవి చీలినది ఒక్క ఊపున బయటికొచ్చింది.

ఎవరు ముందు పరిగెత్తారో తెలియదు. గడలు ఫెళఫెళ విరిగాయి, ఎవరో ఎవరినో తోశారు, ఎదటివైపునుంచి బంగార్రాజు గొంతు కూడా పారిపోండ్రా అంది. సత్యారావు బల్లెం ఎప్పుడు వదిలేశాడో అతనికి తెలియదు. నాలుగంగలు వేశాడో లేదో వెనకనుంచి పరదేశి గొంతున "సత్యం" అని వినబడింది. కేక కాదది. చేనుకు ఆ చివరనుంచి అంబలి తాగుదువు రమ్మని పిలిచినట్టు ఉంది. ఒక్కసారే. అతను ఆగలేదు.

గెడ్డ ఇసకలో అందరూ రొప్పుతూ నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. బంగార్రాజు తలపాగా లేదు, ఒక కాలికి చెప్పు లేదు. నూకరత్నం డబ్బా చంకన పెట్టుకుని గట్టు దిగి వచ్చి, మనుషుల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ మొగుడి దగ్గర ఆగింది.

"పరదేశన్నేడి?" అంది.

అందరూ కలిసి, గట్టిగా అరుచుకుంటూ మళ్ళీ లోపలికి పోయారు. చెవి చీలిన పంది ఎవరినీ తరమలేదు. కరిచి, తిరిగి తన వాటి దగ్గరికే పోయింది. మంద పిల్లల్ని తీసుకుని లోపలి చెరకులోకి సర్దుకుంది. ముసలిది పక్కకు పడి చచ్చి ఉంది. పరదేశి ఒక జడకు వీపు ఆనించి కూచుని, రెండు చేతులతో తొడ అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. మొహం బూడిద రంగుకు తిరిగింది. అతని పక్కనే సత్యారావు బల్లెం పడి ఉంది. పరదేశి దాన్ని చూశాడు, సత్యారావును చూశాడు, కళ్ళు మూసుకున్నాడు.

పంచెలు చింపి కట్లు కట్టి, నులక మంచం మీద బండిలో వేసి చోడవరం తీసుకుపోయారు. పరదేశి పెళ్ళాం అచ్చియ్యమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని బండిలోనే వెళ్ళింది. సత్యారావు ఊరి చివరదాకా బండి వెనక నడిచాడు. అక్కడ బంగార్రాజు మనిషి, మేమున్నాం గదా నువ్వు ఇంటికి పొమ్మన్నాడు. ఇంటికి వచ్చేశాడు.

చచ్చిన పందిని అక్కడే కాల్చి, కోసి, వాటాలు వేశారు. ఊరు వాటా విషయంలో ఎప్పుడూ తప్పు చెయ్యదు. చేను గలవాడికో వాటా, కుక్కల వాళ్ళకో వాటా, బల్లేల వాళ్ళకో వాటా. పరదేశికి రెండు వాటాలు కట్టి, మూసి ఉన్న అతని ఇంటి చూరుకు వేలాడదీశారు. సాయంత్రానికి ఆకు పొట్లం కిందనుంచి నెత్తురు గడప మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే, నూకరత్నం వెళ్ళి దాన్ని విప్పి తీసుకుపోయి గెడ్డ ఇసకలో పూడ్చిపెట్టి వచ్చింది. తమ వాటా కూడా అక్కడే పూడ్చింది. సత్యారావు ఎందుకని అడగలేదు.

ఆమే అడిగింది. పొయ్యి ముందు కూచుని, ఇటు తిరగకుండా, ఆ వేళ నువ్వు ఎక్కడున్నావని. నడి బోదెలో అన్నాడు అతను. పరదేశికి ఎంత దూరంలో అంది. అతను లేచి వాకిట్లోకి పోయాడు.

మర్నాటికి గానుగ పాకలో కథ తయారైంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పరదేశి పొద్దున్నే కల్లు తాగి వచ్చాడుట. నిలబడమన్నచోట నిలబడక, వద్దంటున్నా వినకుండా ఒక్కడే పందుల మీదికి పోయాడుట. ఒకడు వాసన వచ్చిందన్నాడు. ఇంకొకడు తూలుతుంటే చూశానన్నాడు. చెప్పినకొద్దీ వాళ్ళకే నమ్మకం కుదిరింది, మొహాలు తేటపడ్డాయి. సత్యారావు పాక గుంజకు ఆనుకుని విన్నాడు. పాపం నువ్వు ఎంత ఆపినా ఆగలేదంట గదా అని ఒకడు అతన్నే అడిగాడు. బంగార్రాజు బీడీ ముట్టిస్తూ అగ్గిపుల్ల వెలుగులోంచి అతని వైపు చూశాడు. సత్యారావు తల ఊపాడు. ఔనన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కానీ వాళ్ళకు అది చాలింది.

ఇంటికి పోతుంటే చేను మీదుగా గాలి వచ్చింది. ఎండాకు ఒకదానికొకటి రాసుకుని, ఆగి, మళ్ళీ రాసుకుంది. ఆ సందులోంచి "సత్యం" అన్నట్టు వినిపించింది. నిలబడ్డాడు. ఆకు చప్పుడే అనుకుని కదిలితే మళ్ళీ వచ్చింది. ఆకు చప్పుడని తెలిసి కూడా మూడోసారికి వెనక్కి తిరిగి చూశాడు. ఆ తరవాత గాలి వీచినప్పుడల్లా, ఇంట్లో ఉన్నా, నూతి దగ్గర ఉన్నా, అతను మాట మధ్యలో ఆపి చెవి అటు పెట్టడం నూకరత్నం చూస్తూనే ఉంది. చివరికి చోడిపిండి అంబలి తపేలాలో పోసి, గుడ్డ కట్టి అతని చేతికిచ్చి, ఆసుపత్రికి పోయి రమ్మంది.

ఆసుపత్రి వరండాలో అచ్చియ్యమ్మ గచ్చు మీద కూచుని, ఉతికిన పంచె రెండు మోకాళ్ళ మీదా పరుచుకుని చూసుకుంటోంది. ఎంత ఉతికినా నెత్తుటి మరక పసుప్పచ్చగా మిగిలే ఉంది. సత్యారావును చూసి లేవలేదు, పలకరించలేదు. లోపల ఉన్నాడన్నట్టు గడ్డం ఎత్తి చూపించింది.

పరదేశి మంచం గోడవార ఉంది. కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది. ప్రాణానికి భయం లేదని, మోకాలు మాత్రం ఇక మడత పడదని డాక్టరు చెప్పాడుట. ఆ మాట పరదేశి, ఎవరిదో కాలు గురించి చెబుతున్నట్టు చెప్పాడు. సత్యారావు తపేలా కింద పెట్టి, దారి పొడుగునా కూర్చుకున్న మాట కోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు.

"తాగేనని సెప్పేను," అన్నాడు పరదేశి. "డాట్రుబాబు అడిగేడు. తాగీసి నానే మీదకెల్లేనని సెప్పేను."

"నువ్వు తాగలేదు."

"తాగలేదు. నిన్న బంగార్రాజుబాబు ఒచ్చేడు. కాలు బాగయ్యేక గానుగ కాడ కూకుని సేసే పని ఇస్తానన్నాడు. పొయ్యిలో పిప్పి ఎగదోసే పని." పరదేశి ఎత్తిపెట్టిన కాలి వైపు చూశాడు. "ఊరి మీద తప్పెట్టీసి ఊళ్ళో ఎక్కడుంటానురా? ఒంటిగాడినై బతకడానికి నానేటి మొగ పందినా?"

సత్యారావు మంచం కోడు పట్టుకున్నాడు. "నువ్వు పిలిసేవు," అన్నాడు. "నాను ఇన్నాను. ఇనీ ఆగలేదు."

పరదేశి తల గోడ వైపు తిప్పుకున్నాడు. గోడ మీద సున్నం పొర ఊడి, వేలితో గీకిన గుర్తులున్నాయి. అటే చూస్తూ, "నాను పిలవలేదు," అన్నాడు. "నోరు పెగిల్తే గదా పిలవడానికి."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇవ్వగలిగింది అదొక్కటే గనక పరదేశి ఇచ్చాడు. పుచ్చుకోవడానికి సత్యారావుకు చేతులు రాలేదు. అతను తపేలా గుడ్డ విప్పి, అంబలి గ్లాసులో పోసి, పరదేశి తల ఎత్తి తాగించాడు. తాగినంతసేపూ పరదేశి కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మిగిలిన పందుల కోసం రేపు పొద్దున్న మళ్ళీ కుక్కలు వస్తాయని ఆ సాయంత్రం కబురొచ్చింది. ఈసారి వడ్డాది నుంచి తుపాకీ గల మనిషి కూడా వస్తున్నాడుట.

తెల్లవారుతుండగా సత్యారావు లేచి చేలోకి పోయాడు. ఎందుకు పోతున్నాడో అతనికే తెలియదు. తొక్కిన చోట అడుగు వేసుకుంటూ, గడలు చప్పుడు కాకుండా చేత్తో తప్పించుకుంటూ నడి బోదె దాటాడు. లోపల ఒకచోట ఎండాకు గుట్టగా పోగేసి, మధ్యలో గుంట చేసి ఉంది, ఎవరో పక్క పరిచినట్టు. అందులో చెవి చీలిన పంది పక్కకు తిరిగి పడుకుంది. భుజం మీద కుక్క పీకిన గాయానికి ఈగలు ముసురుతున్నాయి. దాని పొట్టకు పిల్లలు వరసగా అంటుకుని పాలు తాగుతున్నాయి. వాటిలో కొన్ని అరచేతిలో పట్టేంత చిన్నవి. కొన్ని వాటికి రెండింతలు, చారలు చెరిగిపోతున్నవి. ఒక్క ఈతలో పుట్టినవి కావవి. కుంటి పిల్ల పెద్దవాటిలో ఉంది. ఆ పెద్దవి చచ్చిన ముసలిదాని పిల్లలు. చిన్నవీ పెద్దవీ తోసుకుంటూ, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూ తాగుతుంటే అది దేన్నీ కాలితో నెట్టడం లేదు. రెండో ఆడపంది కాస్త ఎడంగా నిలబడి కాపలా కాస్తోంది.

అదే ముందు అతన్ని చూసింది. గుర్రుమంది. చెవి చీలినది లేచింది. పిల్లలు రాలి కిందపడ్డాయి. అతనికీ దానికీ మధ్య నాలుగు గడలు కూడా లేవు. సత్యారావు చేతిలో కర్ర లేదు. పారిపోవాలని కాళ్ళు అన్నాయి, అవి అన్నది అతనికి స్పష్టంగా వినబడింది. కదలకుండా నిలబడ్డాడు. పంది ఊపిరికి దాని మూతి ముందున్న ఎండాకు కదులుతోంది. అలా ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి అది మొహం తిప్పుకుని, పిల్లల్ని మూతితో ఒక్కొక్కదాన్నే తోసుకుంటూ గుంటలోకి వెనక్కి పోయింది. సత్యారావు అడుగు వెనక అడుగు వేసుకుంటూ బయటికొచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

ఎండ పొడిచేసరికి జనం వచ్చారు. తుపాకీ మనిషి భుజాన తువ్వాలు వేసుకుని, పళ్ళు తోముకుంటూ వచ్చాడు. బంగార్రాజు అందర్నీ సర్దుతూ, సత్యారావును మళ్ళీ నడి బోదెలోకి పొమ్మన్నాడు.

సత్యారావు బోదెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నా సేలో ఏట ఒద్దు బాబూ," అన్నాడు. గొంతు అంత మామూలుగా రావడం చూసి అతనికే ఆశ్చర్యమేసింది. "మొన్న పరదేశి పడిపోయి నన్ను పిలిసేడు. నాను ఇడిసీసి పారిపోయేను. మళ్ళీ అక్కడ నిలబడి ఇంకొకడికి తోడుంటానని సెప్పలేను."

డబ్బాలు పట్టుకున్నవాళ్ళు డబ్బాలు దించారు. పరదేశి తాగాడని గానీ, తాగలేదని గానీ అతను అనలేదు. అనకపోయినా కథ అక్కడే నేలమీద పడింది. ఒక మనిషి పిలిస్తే వినబడేంత దగ్గర ఇంతమంది ఉన్నారు గదా అన్న మాట ఎవరూ అనకుండానే అందరికీ వినబడింది. వెనకనుంచి ఎవరో, "నువ్వొక్కడివేటి," అని గొణిగి అంతలోనే ఆగిపోయారు. ఎవరన్నారో చూడడానికి ఎవరూ తిరగలేదు.

బంగార్రాజు అతని దగ్గరికొచ్చాడు. కోప్పడలేదు. "మరి నీ సెరకు ఎక్కడ ఆడించుకుంటావు?" అని మాత్రం అడిగాడు, అందరికీ వినబడేలా. ఆయన జవాబు కోసం అడగలేదు గనక, ఆగకుండా వెనక్కి తిరిగాడు. ఆయన వెనక కుక్కలు, కుక్కల వెనక జనం. ఆ రోజు మొదలు నూతి దగ్గర నూకరత్నానికి చేద అందించినవాళ్ళు లేరు, గట్టున ఎదురైతే సత్యారావును పలకరించినవాళ్ళు లేరు.

మొగుడూ పెళ్ళాలిద్దరే కత్తులు పట్టుకుని ఊరి వైపునుంచి కోత మొదలుపెట్టారు. వడ్డాది అవతల ఎవరో గానుగ వాళ్ళు, సీజను అయిపోయినా చెరకు తెచ్చుకుంటే చూస్తామన్నారు. బళ్ళు ఎవరిస్తారో తెలియదు. ముందు కొయ్యడం ఒక్కటే చేతిలో ఉంది. నూకరత్నం మొదలు నరుకుతోంది. ఆమె కత్తి దెబ్బకూ దెబ్బకూ ఎడం వేరు. సత్యారావు చెయ్యి పాత ఎడానికే కదిలి, గడ అందక, గాలిలో ఆగుతోంది. ఆగినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఆమె నరుకుతూనే ఉంది.

రెండో రోజు మునిమాపువేళ మంద వెళ్ళిపోయింది. చెరకు కొండ వైపుకు సన్నబడేసరికి, చెవి చీలినది ముందు బయటికొచ్చి గాలి పీల్చింది. వలలు విప్పేసి ఉన్నాయి. గెడ్డ గానుగ పాకకు కనబడేంత దూరమే. పాక ముందు కూచున్న మగాళ్ళు చూశారు. ఎవరూ లేవలేదు. ముందు అది, వెనక చిన్నవీ పెద్దవీ కలిసిపోయిన పిల్లలు, వాటి వెనక రెండోది. ముసలిది నడిచే చోట ఇప్పుడు ఇది నడుస్తోంది గానీ వరస మారలేదు. గెడ్డ దాటి, తుప్పల్లో పడి, కొండ నీడలో కలిసిపోయాయి. సత్యారావు కత్తి దించి అటే చూస్తూ నిలబడ్డాడు. కడుపులో ఏదో తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. గాలి వచ్చింది. మిగిలిన కాస్త చెరకూ కదిలింది. అతను చెవి అటు పెట్టాడు.

మర్నాడు పొద్దున ఊరి వైపునుంచి ఒక మనిషి చేనుకు అడ్డంపడి వస్తుంటే నూకరత్నం ముందు చూసింది. అచ్చియ్యమ్మ. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నెత్తిన గుడ్డ చుట్టుకుని ఉంది. చేతిలో పరదేశి చెరకు కత్తి. ఇంటికి పోయి దాన్ని తీసుకుని, తిన్నగా చేనుకే వచ్చినట్టుంది. సత్యారావు చేతిలో గడ అలాగే ఉండిపోయింది. ఆమె ఏమన్నా పడాలనుకుని తల వంచుకున్నాడు.

"మీ ఊసు ఆసుపత్రిదాకా ఒచ్చింది," అంది ఆమె. "అంతమందిలో ఎందుకన్నాడూ అని నిన్న పొద్దంతా తిట్టేడు. పొద్దోయేక నన్ను పిలిసి, సత్యం సేలో సాయం బాకీ ఉంది, ఎల్లి కొయ్యమన్నాడు."

కాలు ఎలా ఉందని నూకరత్నం అడిగితే, ఉందంది. బంగార్రాజు పని ఇస్తాడో లేదో ఇక తెలియదని, ఇవ్వకపోతే ఏం చెయ్యాలో అదీ తెలియదని, కత్తి అంచు బొటనవేలితో చూసుకుంటూనే చెప్పింది. తరవాత ఒంగి, పరదేశి నిలబడే వరసలో నిలబడి, మొదటి గడ నేలకు ఆనించి నరికింది. సత్యారావు అందుకుని ఆకు దులిపాడు. ఆమె రెండోది నరికింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎవరు నేర్పారో గానీ, అతని చెయ్యి ఆగకుండా సాగింది.

ఎండ ఎక్కింది. జడ తరవాత జడ పడుతోంది. ఒకచోట గడలు దట్టంగా పెనవేసుకుని ఉంటే అచ్చియ్యమ్మ వాటి అవతలికి పోయింది. కత్తి చప్పుడు ఆగింది. ఎండాకు ఒక్కసారి గలగలమంది. సత్యారావు తల కొడుతున్న గడ కింద పడేసి, రెండంగల్లో గడలు తోసుకుంటూ అటు పోయాడు. అచ్చియ్యమ్మ అరికాల్లో గుచ్చుకున్న చెరకు పేడు పీకుకుంటూ కూచుని ఉంది. తల ఎత్తి అతని మొహం చూసింది. తరవాత తల వంచుకుని, పేడు తీసి పారేసి, కత్తి అందుకుంది.

"ఉన్నానులే," అంది. "కొయ్యి."